మడికో లెక్క

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. యాసంగికి ఎకరానికి ఎన్ని సంచుల యూరియా ఎయ్యాలని ఇందాక మాట్లాడుకుంటున్నరు గద, ఆ ముచ్చటే జెప్త.

మా నాయిన కాలంల ఎరువంటే పెంట, గొర్ల మంద, చెరువు మట్టి. ఎండకాలం చెరువు ఎండంగనే బండ్లు గట్టెటోళ్లు. ఆ ఒండ్రు ఎర్ర చెల్కలకే పోయేది, నల్లరేగడి దిక్కు ఒక్క బండి గూడ మలుపకపోయెటోళ్లు. చెల్కల నీళ్లు నిలువయి, ఏసిన బలం నిలువది. రేగడి రెండిటినీ పట్టుకుంటది. గొల్లోళ్లకు వడ్లు కొలిచి మంద పెట్టిస్తే, మీది మడిల ఎక్కువ రాత్రులు, కింది మడిల తక్కువ. వానకు మీది సారమంత కిందికే దిగుతదని మన పెద్దోళ్లకు ఎరుక. చౌడు తేలి తెల్లగ పొంగిన జాగల జీలుగ జల్లి, పూతకు రాంగనే దున్ని కలిపెటోళ్లు.

తర్వాత సంచి ఎరువులొచ్చినయి. పంట ఇరగ్గాసింది, కాదనను. గానీ మన్ను ఎట్లున్నా ఎకరానికి గిన్ని సంచులనే లెక్క పడ్డది. ఏటేటా డీఏపీ పోస్తే భాస్వరం మన్నులనే పేరుకపాయె. అది మితిమీరితే వరికి జింకు అందదు. నాటేసిన మూడు నాలుగు వారాలకు ఆకు మీద తుప్పు రంగు మచ్చలు లేస్తయి, ఈనె పాలిపోతది, దుబ్బు కట్టది. అది జూసి ఇంకో యూరియా సంచి కుమ్మరిస్తే ఏం ఫాయిద?

2015ల కేంద్ర సర్కారు భూసార కార్డులు తెచ్చింది. నత్రజని, భాస్వరం, పొటాషు, జింకు ఎంతున్నయో అండ్ల రాసుంటది. అయితే మన్ను సక్కగ తీస్తేనే కార్డు సక్కగ చెప్తది. పంట కోసినంక, ఎరువు ఎయ్యకముందు తియ్యాలె. మీది చెత్త జరిపి, పారతోని ‘వీ’ తీరుగ ఆరించుల గుంత తవ్వి, దాని అంచు పొంటి మీదికెల్లి కిందిదాక పలచగ చెక్కాలె. మడిల ఎనిమిది పది జాగల అట్లనే తీసి కలిపి, నాలుగు పాళ్లు జేసి, ఎదురెదురు రెండు పాళ్లు పారేసుకుంట అర్ధ కిలో మిగుల్చాలె. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప కాడ తియ్యొద్దు. చెల్క మన్ను, రేగడి మన్ను ఒక్క సంచిల కలిపితే ఆ లెక్క రెండిట్ల దేనికీ పనికిరాదు.

పెద్దోళ్లు కండ్లతోని జూసి తెలుసుకున్నదాన్నే ఆ కార్డు అంకెలల్ల చెప్తది. ఈ ఎండకాలం కోతలు కాంగనే, ఎరువుల దుకాణానికి పోకముందే, మడికో సంచి మన్ను తీసి వ్యవసాయం సారుకు ఇయ్యుండ్రి. ఏ మడి ఏమడిగితే దానికి అదే పెట్టుండ్రి.