జెండా పండుగనాటి ప్రశ్న

హైదరాబాదులో ఒక అంతర్జాతీయ పాఠశాలలో నేను చరిత్ర చెబుతున్నాను. ఆగస్టు 15 వచ్చిందంటే అక్కడ జెండా ఎగురుతుంది, పిల్లలు తమ తమ దేశాల దుస్తుల్లో నడుస్తారు, మిఠాయిలు పంచుతారు. యింతటితో అంతర్జాతీయత పూర్తి అయినట్టే.

క్రిందటేడు పండుగకు ముందు, తరగతిలో ఒక కొరియా బాలిక అడిగింది: "సార్, మాకూ ఆ రోజే పండుగ. మీకూ అదే తేదీ ఎందుకయింది?"

యిది కాకతాళీయం కాదు. 1910లో కొరియాను కలుపుకొన్న జపాను 1945 ఆగస్టు 15న తన లొంగుబాటును ప్రకటించింది. కొరియాకు అది విముక్తి దినం. ఆనాడు ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాధిపతి మౌంట్‌బాటెన్. ఆ లొంగుబాటు జరిగిన రోజు కాబట్టే మన అధికార బదిలీకి ఆ తేదీ ఎంచుకొన్నానని తరువాత ఆయనే చెప్పాడు. మన ప్రజలు 1930 నుండి స్వాతంత్ర్య దినంగా జరుపుకొన్నది జనవరి 26. పాలకుడు తన విజయాల పంచాంగం చూసి మనకు ముహూర్తం పెట్టాడన్నమాట. రెండు దేశాలకూ విముక్తితో పాటే విభజన కూడా వచ్చింది.

"అయితే ఆ రోజు యీ వూరికి స్వాతంత్ర్యం వచ్చిందా?" అని ఆమె మళ్ళీ అడిగింది. దీనికి జవాబు పండుగ ఉపన్యాసంలో చెబుతానన్నాను.

రాలేదు. 1947 ఆగస్టు 15 నాటికి నిజాం యూనియనులో చేరలేదు. మూడు రంగుల జెండాను తన సంస్థానంలో నిషేధించాడు. స్వామి రామానంద తీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. నిజాం సేనలు లొంగింది 1948 సెప్టెంబరు 17న. భూమి కోసం, వెట్టి రద్దు కోసం 1946లో లేచిన తెలంగాణా రైతాంగ పోరాటం యూనియను సైన్యాలు వచ్చిన తరువాత కూడా, 1951 దాకా సాగింది. 1950 జనవరి 26న హైదరాబాదుకు రాజప్రముఖుడైనవాడు ఆ నిజామే.

యివన్నీ ఉపన్యాసంలో రాశాను. "పండుగపూట వివాదాలెందుకు?" అని పాఠశాలవారు ఆ భాగం తీసివేయమన్నారు. తీసివేశాను. ఆ బాలిక ముందు వరుసలో కూర్చుని చివరిదాకా విన్నది.

తేదీని పాలకులు నిర్ణయించారు. దాని వెనుక ఎవరెవరు పోరాడారో పిల్లలకు చెప్పవలసినవారం మనం, ఉపాధ్యాయులం. ఆ పని నేను చేయలేదు. ఆలస్యమైనా, యీ నాలుగు మాటలూ ఆమెకు బాకీపడిన జవాబు, నా ఆత్మవిమర్శ కూడాను.