మూడు నెలలకో లెక్క: నిజామాబాద్ పట్నం కథ

గల్ఫ్‌లో మన బతుకు నెల జీతం మీద నడుస్తుంది. ఇంటి దగ్గర బతుకు అలా నడవదు. అక్కడ పైసలు పంటతో వస్తాయి, మళ్లీ పంటకే పోతాయి. ఒక మూడు నెలలు బజారు కళకళలాడుతుంది. ఇంకో మూడు నెలలు కిరాణా కొట్లో ఖాతా పుస్తకం నిండుతుంది. క్యాంపు నుంచి ఫోన్ చేసినప్పుడు "మొన్ననే పంపాం కదా, అప్పుడే అయిపోయాయా?" అని మనలో చాలామందిమి అడుగుతుంటాం. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఇంటి ఖర్చు ఒక్కటే చూస్తే సరిపోదు, ఊరి చరిత్ర కూడా చూడాలి. అందుకే ఈ వారం నిజామాబాద్ లెక్క తీస్తున్నాం. ఆర్మూర్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ సోదరులకు కూడా ఇందులో తమ ఊరు కనిపిస్తుంది.

రైలు, నీళ్లు, చక్కెర

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. హైదరాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే రైలు మార్గం 1900 ప్రాంతంలో ఈ ఊరి మీదుగా పడింది. రైలుతో గంజ్ పెరిగింది. చుట్టుపక్కల పల్లెల ధాన్యం బండ్ల మీద ఇక్కడికి చేరి, ఇక్కడి నుంచి వ్యాగన్లలో బయటికి పోయేది.

అసలు మార్పు మంజీరా నీళ్లతో వచ్చింది. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టారు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. కాలువలు పారగానే బోధన్, వర్ని వైపు భూముల విలువ మారిపోయింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. నీళ్లున్న చోట చెరకు వచ్చింది. చెరకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు.

రైలు, కాలువ, ఫ్యాక్టరీ. ఈ మూడూ కలిసి పట్నం ఏడాదిని నాలుగు భాగాలు చేశాయి.

ఏ మూడు నెలల్లో ఏముంది?

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వానాకాలం వరి కోతలు. దసరా, దీపావళి ఈ రోజుల్లోనే వస్తాయి కాబట్టి బట్టల దుకాణాలు నిండుతాయి. చలి మొదలయ్యేసరికి చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలయ్యేది. చెరకు నరికేవాళ్లకు, బండ్ల వాళ్లకు, ఫ్యాక్టరీలో సీజన్ కూలీలకు వేసవి దాకా చేతినిండా పని.

జనవరి నుంచి మార్చి వరకు పసుపు. ఇది ఎనిమిది తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో పెడితే సంక్రాంతి దాటాక తవ్వుతారు. ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి, కొమ్ము వేరు, మండ వేరు చేసి నిజామాబాద్ గంజ్‌కు తెస్తారు. ఆ రోజుల్లో మార్కెట్ యార్డు అంతా పసుపు పచ్చగా ఉంటుంది. హమాలీ నుంచి హోటల్ వాడి దాకా అందరికీ గిరాకీ. పట్నానికి ఏడాదిలో గట్టి కాలం ఇదే.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు యాసంగి వడ్లు వస్తాయి, పెళ్లిళ్లు జరుగుతాయి. చేతికి వచ్చిన పైసలు ఇక్కడే ఖర్చవుతాయి. జూన్ రాగానే స్కూలు ఫీజులు, విత్తనాలు, ఎరువులు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

జూలై నుంచి సెప్టెంబర్ వరకు అంతా పోయేదే తప్ప వచ్చేది లేదు. నాట్లు, కలుపు, మందులు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బజారు చల్లబడుతుంది. పంట పొలంలో ఉంటుంది, అప్పు ఇంట్లో ఉంటుంది. రిజర్వు బ్యాంకు కూడా చాలా ఏళ్లు రుణాల విధానాన్ని పంటలు మార్కెట్‌కు వచ్చే బిజీ సీజన్, రాని స్లాక్ సీజన్ అని రెండుగా విడదీసి ప్రకటించేది. మన అమ్మలకు ఆ మాటలు తెలియకపోయినా ఆ కాలం బాగా తెలుసు.

ఈ ఎండు నెలల్లో ఇల్లు నడిపింది మన ఆడవాళ్ల బీడీలే. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. కూలీ తక్కువే, కానీ వాన పడ్డా ఇంట్లో కూర్చుని చేసుకునే పని అదొక్కటే. మెడనొప్పి, దగ్గు, మసకబారిన కళ్లు ఆ పైసల వెనక ఉన్నాయి.

విరిగిన కాలు

నాలుగు కాళ్ల మంచానికి ఒక కాలు విరిగితే మిగతా మూడూ వణుకుతాయి. పట్నానికి జరిగింది ఇదే.

పూడిక పేరుకుని నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం బాగా తగ్గింది. పైన సింగూరు నుంచి మంజీరా నీళ్లు హైదరాబాద్ తాగునీటికి మళ్లాయి. నీళ్లు తగ్గితే చెరకూ తగ్గుతుంది. 2002లో నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ వైపు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. నిజామాబాద్ పక్కనే సారంగాపూర్‌లో ఉన్న సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. చలికాలం నుంచి వేసవి దాకా ఉన్న పని అలా పోయింది.

పసుపు ధర ఉయ్యాల లాంటిది. 2019లో క్వింటాలు ఐదారు వేల రూపాయల దగ్గర ఆగిపోయింది. పసుపు బోర్డు కావాలని, పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ధర ఇవ్వాలని అడుగుతూ ఆ ఏడాది ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ పోరాటం దేశమంతా చూసింది. 2023 అక్టోబర్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వచ్చింది. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో బోర్డు ప్రారంభమైంది. 2024 సీజన్‌లో ధర 15,000 దాటింది కూడా. అయితే ఆ ధర అందుకోవడానికి చాలామంది దగ్గర అప్పటికి పంట తక్కువే ఉంది. గిట్టుబాటు కాక అంతకుముందే సాగు తగ్గించుకున్నారు మరి.

బీడీ మీద కూడా దెబ్బ పడింది. 2009లో పొగాకు ప్యాకెట్ల మీద హెచ్చరిక బొమ్మలు వచ్చాయి, 2016లో అవి ప్యాకెట్‌లో 85 శాతానికి పెరిగాయి. ఆరోగ్యానికి మంచిదే. కానీ బీడీ చుట్టే ఇంటికి బదులు పని ఎవరూ చూపలేదు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి ఇచ్చారు, 2019లో అది 2,016 అయింది. అదే చాలామందికి దన్ను.

సీజన్ లేని పంట

ఇలా ఖాళీ అయిన నెలల్లోకి వచ్చింది మన పైసలే. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు మొదలయ్యాక మనవాళ్లు విమానం ఎక్కారు. అప్పట్లో డ్రాఫ్టు రావడానికి వారాలు పట్టేది. ఇప్పుడు ఎక్స్చేంజ్ నుంచి నిమిషాల్లో ఖాతాలో పడుతుంది. వరికి, పసుపుకు సీజన్ ఉంది, దిర్హమ్‌కు లేదు. అందుకే బ్యాంకు మేనేజర్ నుంచి బంగారం దుకాణం దాకా అందరూ మన మీద ఆధారపడ్డారు.

కానీ ఈ పంటకూ తెగుళ్లున్నాయి. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేస్తే కట్టుబట్టలతో వచ్చినవాళ్లున్నారు. 2002లో 13 రూపాయలు దాటిన దిర్హమ్ 2007 చివరికి 11 లోపుకు వచ్చింది. 600 దిర్హమ్‌లు పంపినవాడికి అంతకుముందు 7,900 వస్తే అప్పుడు 6,400 వచ్చాయి. అదే 2007లో యూఏఈ ఆమ్నెస్టీ ఇస్తే కల్లివెల్లి అయినవాళ్లు ఎందరో ఇల్లు చేరారు. 2008 చివర్లో దుబాయ్‌లో క్రేన్లు ఆగితే ఇందూరులో ప్లాట్ల బేరాలు ఆగాయి. 2020లో కరోనా వచ్చి జీతాలు, విమానాలు రెండూ ఆగిపోయాయి. 2024 నాటికి దిర్హమ్ 22 రూపాయలు దాటింది నిజమే, కానీ ఊళ్లో బియ్యం, ఫీజులు, మందుల ధరలు అంతకంటే ముందే పరుగెత్తాయి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మన పైసలతో ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లు అయ్యాయి, వెంచర్లు వెలిశాయి. పోయిన చక్కెర ఫ్యాక్టరీకి బదులు ఒక కార్ఖానా మాత్రం లేవలేదు. అందుకే మన కొడుకులు కూడా పాస్‌పోర్టు ఆఫీసు ముందు నిలబడుతున్నారు.

మనం చేయగలిగింది

ఊరి ఏడాదిని మనం మార్చలేం. దానికి తగ్గట్టు పంపడం మాత్రం మన చేతిలో ఉంది. జూలైలో 30,000 అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి జనవరిలో తీరిస్తే వడ్డీయే 5,400. అడ్తీ దగ్గర తెస్తే పంట కూడా ఆ దుకాణానికే పోయాలి, వాళ్లు చెప్పిన ధర వినాలి. అదే జనవరి నుంచి జూన్ దాకా నెలకు 5,000 చొప్పున ఇంటి పేరున విడిగా పెడితే ఆ 30,000 చేతిలోనే ఉంటుంది. అంత కుదరని వాళ్లు 2,000 పెట్టినా అప్పు 12,000 తగ్గుతుంది. బయటి అప్పు కంటే మహిళా సంఘం రుణం నయం. ఇంట్లో సంఘం ఉందో లేదో ఈసారి ఫోన్‌లో అడగండి.

ఇక్కడ మూడు నెలల జీతం ఆగితే ఎంత కష్టమో మనకు తెలుసు. ఇంటి దగ్గర ఏటా అలాంటి మూడు నెలలు వస్తాయి. అవి ఎప్పుడొస్తాయో ముందే తెలుసు కాబట్టి వాటికి సిద్ధపడవచ్చు. వానాకాలం అప్పు ఒక్కటి తప్పినా, మనం ఇక్కడ ఎండలో నిలబడి సంపాదించిన దాంట్లో కొంత వడ్డీకి పోకుండా ఇంట్లో మిగులుతుంది.