పాత సుబారు ఫారెస్టర్‌: సస్పెన్షన్ ఎత్తు పెంపు

1997లో జపాన్‌లో విడుదలైన మొదటి తరం సుబారు ఫారెస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ కారు. రాళ్లదారుల్లో అడుగుభాగం తగలకుండా దీని ఎత్తు పెంచుతారు. నాలుగు చక్రాలకూ స్ట్రట్‌లే కాబట్టి, స్ట్రట్ పైకొనకూ బాడీకీ మధ్య స్పేసర్లు బిగించడం తేలికైన మార్గం. స్ప్రింగ్ గట్టిదనం మారదు.

ఎత్తు పెరిగేకొద్దీ యాక్సిల్ షాఫ్టులు చక్రాల వైపు కిందికి వాలుతాయి. ఆ కోణంలో తిరిగే సీవీ జాయింట్లు త్వరగా అరుగుతాయి. వాటిని కప్పే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి, ఇసుక లోపలికి చేరుతుంది. అందుకే 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగడం మంచిది. అంతకుమించితే సబ్‌ఫ్రేమ్‌నూ దించాలి. అప్పుడు డిఫరెన్షియల్ కూడా దిగుతుంది కనుక దాని కింద ఖాళీ ఆమేరకు పెరగదు. వెనుక చక్రం ట్రెయిలింగ్ ఆర్మ్ వల్ల కాస్త ముందుకు జరుగుతుంది, పెద్ద టైరైతే మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. బ్రేకు గొట్టాలు బిగుసుకున్నాయేమో చక్రాలు పూర్తిగా వేలాడుతుండగానే చూడాలి. నాలుగు టైర్లూ ఒకే చుట్టుకొలతతో ఉండాలి, లేకుంటే ట్రాన్స్‌మిషన్‌కు దెబ్బ. నిజానికి చాలా దారులకు ఎత్తుకన్నా మంచి టైర్లు, ఇంజన్ కింద ఉక్కు రక్షణ పలకే ఎక్కువ అక్కరకొస్తాయి.