పసి దిమాగ్ తారీఖ్

'పాలమూరు లేబర్' అనే మాట వినని షహర్ లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి గుంపు మేస్త్రీ వెంట పోయినోళ్లు దేశమంతా డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. వాళ్ల పిల్లలు బడిలో కొట్లాడినా, ఎవరితో కలవకపోయినా కొందరి ఫైసలా ఒక్కటే: "వాళ్ల నస్లే అంత!" ఈ ఇల్జామ్‌కు జవాబు బేజుబాన్ జానవర్లు ఎప్పుడో ఇచ్చాయి.

1936లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మార్గరెట్ కెనార్డ్ తన ప్రయోగాలను ప్రకటించింది. మెదడులో కదలికలను నడిపే భాగం దెబ్బతిన్న పెద్ద కోతుల కంటే పిల్లకోతులు బాగా కోలుకున్నాయి. పసి దిమాగ్ ఏ జఖమ్‌నైనా మాన్పుకుంటుందని చాలామంది ఉమ్మీద్ పెట్టుకున్నారు. కానీ కొన్ని లోపాలు పెరిగేకొద్దీ బయటపడడం కెనార్డే గమనించింది.

1990 దశకంలో జోస్లిన్ బాషెవాలియే అదే సవాల్‌ను మళ్లీ ఎత్తుకుంది. ఈసారి దెబ్బ కదలికల భాగానికి కాదు, జజ్బాత్‌కూ జ్ఞాపకానికీ ముఖ్యమైన లోపలి భాగాలకు. పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ దెబ్బ తిన్న కోతిపిల్లలు 2 నెలల వయసులో కాస్త మందకొడిగా కనిపించాయి, అంతే. 6 నెలలు వచ్చేసరికి తోటి పిల్లల దగ్గరికి పోవడమే బాగా తగ్గించేశాయి. జఖమ్ ముందు, అసర్ తర్వాత.

గాయం కత్తితోనే కావాలా? కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఎలుకపిల్లలను రెండు గుంపులు చేశాడు. ఒక గుంపుకు సిక్కుల తిండి: గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు. రెండో గుంపుకు ఇంగ్లండ్ గరీబుల తిండి: తెల్ల బ్రెడ్డు, మార్గరిన్, జామ్, చక్కెర ఎక్కువైన టీ, డబ్బా మాంసం. మొదటి గుంపు సుకూన్‌గా బతికింది. రెండోది తిండి పెట్టే మనిషినే కరిచింది. 60వ రోజుకు బలహీనమైన ఎలుకలను చంపి తినడం మొదలుపెట్టింది. ఇక్కడ ఎవరూ మెదడును కోయలేదు. నస్ల్ మారలేదు, తిండి మారింది. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనున్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఎలుక ఇన్సాన్ కాదు. మా పిల్లల దిమాగ్ చెడిందని నేను అనడమూ లేదు. బచ్చాల అఖ్లాక్ మీద ఫత్వా ఇచ్చే ముందు వాళ్ల తొలి ఏళ్లు ఎట్లా గడిచాయో అడగమంటున్నా. కడుపుతో ఉన్న తల్లి కూలికి ఊరు దాటితే, అంగన్‌వాడీ గుడ్డూ పాలూ ఊళ్లోనే ఉండిపోతాయి. పనిచోటికి అవి చేరే బందోబస్తు చేయడం హుకూమత్ ఫర్జ్. చేశారా అని అడగడం మన ఫర్జ్.