తృప్తిగా ఉన్నావా అని అడిగేదెవరు? (చదువుల చరిత్ర – 11)

పోయిన భాగంలో భాగ్యరెడ్డి వర్మ బడుల దగ్గర ఆగాం. రాజ్యం ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో, 1910 నుంచి హైదరాబాద్ గల్లీల్లో మాల మాదిగ పిల్లలకు తెలుగులో అక్షరాలు దిద్దించిన బడులవి. ఈసారి అదే నగరంలో పెద్ద బడికి పోదాం. ఉస్మానియాకు. ఆర్ట్స్ కాలేజీ కమానుల అందం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. నాకు కావలసింది ఒక పాత తగాదా. ఇక్కడ చదివే పిల్లలు తృప్తిగా ఉన్నారా లేరా, ఆ మాట ఎవరు చెప్పాలి, ఏ రూపంలో చెబితే చెల్లుతుంది?

ఇప్పుడు దానికొక ఫారం ఉంది. కాలేజీలకూ యూనివర్సిటీలకూ గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ 2017లో తన పద్ధతి మార్చినప్పుడు 'స్టూడెంట్ శాటిస్‌ఫాక్షన్ సర్వే' తెచ్చింది. ఇరవై ప్రశ్నలకు ఆప్షన్లుంటాయి. ఇరవై ఒకటోది మీ సూచనలు రాయమంటుంది. సిలబస్ ఎంత పూర్తయింది, టీచర్లు తయారై వస్తున్నారా, ఇంటర్నల్ మార్కులు న్యాయంగా పడుతున్నాయా, ఎంతమంది ప్రొజెక్టర్ వాడుతున్నారు, ఇవీ ప్రశ్నలు. వయసు అడుగుతారు, ఆడా మగా అడుగుతారు, ఏ కోర్సో అడుగుతారు. కులం అడగరు. హాస్టల్ అన్నం సంగతి అడగరు. స్కాలర్‌షిప్ అందిందా అని అడగరు.

లెక్చరర్లం కాబట్టి ఈ ఫారాలు నింపించే పని మా నెత్తినే పడుతుంది. నేను మునుపు పనిచేసిన ఒక కాలేజీలో పిల్లల్ని కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టి, వెనకాల ఒక సారు నిలబడి "పై ఆప్షన్ నొక్కండ్రా, కాలేజీ పరువు" అంటున్నాడు. ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, రీయింబర్స్‌మెంట్ రాలేదని నా మెమో ఆపిండ్రు. అది ఏ నంబర్ కింద రాయాలె?" ఆమెకు చూపించడానికి ఆ ఫారంలో నంబర్ లేదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండి పట్టుబట్టి సాధించింది అది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ డబ్బు ఎప్పుడు పడుతుందన్న దాని మీదే ఒక పిల్ల సర్టిఫికెట్ ఆధారపడి ఉంటే, ఆమె తృప్తిని ప్రొజెక్టర్‌తో ఎట్లా కొలుస్తారు?

సరే, చరిత్రకు వద్దాం.

1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు, 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. మొదటి బ్యాచ్ 225 మంది. ఇంగ్లిషును పక్కనబెట్టి ఒక భారతీయ భాషలో ఉన్నత చదువు చెప్పిన ఆ ప్రయోగం గొప్పదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ భాష ఉర్దూ. తెలుగు అక్కడ ఒక సబ్జెక్టు, బోధన భాష కాదు. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు అంతటి కవి పాఠం చెప్పాడు, నిజమే. చాదర్‌ఘాట్ వాడలో తెలుగులో అక్షరాలు దిద్దిన మాదిగ పిల్లవాడికి ఆ పాఠం దాకా పోవడానికి ముందు ఉర్దూ గడప ఉంది, దానికి ముందు ఫీజు గడప ఉంది, అన్నిటికన్నా ముందు కులం గడప ఉంది. బి. శ్యాంసుందర్ లాంటి ఏ కొందరో దాటి వచ్చారు. గేటు బయట ఉన్నవాడి తృప్తి ఏ కాలంలోనూ ఏ లెక్కలోకీ రాదు. ఇది ఉస్మానియా ఒక్కదాని కథ అనుకోకండి. 1927లో బొంబాయి యూనివర్సిటీ బిల్లు మీద శాసనమండలిలో మాట్లాడుతూ అంబేడ్కర్ ఇదే పట్టుకున్నారు. పేదవాడి గుమ్మం దాకా పెద్ద చదువు చేర్చడం యూనివర్సిటీ పని అన్నారు. దాని సెనేట్‌లో వెనుకబడిన వర్గాలకు చోటు కావాలన్నారు. పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే యూనివర్సిటీ అనుకునే పెద్దలకు అది అప్పుడూ నచ్చలేదు.

ఇప్పుడు రెండు హాస్టల్ గొడవలను పక్కపక్కన పెడతాను. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో హిందూ విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. పిల్లలు సమ్మె కట్టారు. బహిష్కరించారు. వందలమంది బయటికి వచ్చేశారు. నాగపూర్ యూనివర్సిటీ వాళ్లను చేర్చుకుంది. అందులో ఒకాయన, పి.వి. నరసింహారావు, తర్వాత దేశ ప్రధాని అయ్యాడు. ఆ అసంతృప్తి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1952 ముల్కీ గొడవకూ, 1969 తెలంగాణ ఉద్యమానికీ కూడా అట్లాగే పేజీలు దొరికాయి. దొరకాల్సిందే.

2012 ఏప్రిల్ 15న, అంబేడ్కర్ జయంతి తెల్లారి, అదే క్యాంపస్‌లో దళిత, వామపక్ష విద్యార్థులు పెద్దకూర పండుగ చేశారు. బీఫ్ బిర్యానీ వండి, బహిరంగంగా కూర్చుని తిన్నారు. అడిగింది చాలా చిన్నది: మా ఇళ్లలో తినేది హాస్టల్ మెస్ మెనూలో కూడా పెట్టండి. అడ్డుకోవడానికి ఏబీవీపీ వాళ్లు వచ్చారు. రాళ్లు పడ్డాయి, వాహనాలు కాలాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు. 2015 డిసెంబర్ 10న మళ్లీ చేద్దామంటే వ్యవహారం కోర్టుకెక్కింది, పండుగ సాగలేదు, అరెస్టులు జరిగాయి.

పాటా హాస్టల్‌లోనే మొదలైంది, కూరా హాస్టల్‌లోనే మొదలైంది. రెండిట్లోనూ పిల్లలు చెప్పింది ఒకటే, మా ఇంటిని గేటు బయట వదిలి రమ్మనకండి అని. ఒకదాన్ని జాతీయోద్యమం అన్నాం, రెండోదాన్ని క్రమశిక్షణ లేకపోవడం అన్నాం. "మెస్ అందరిదీ, అందరి మనోభావాలూ చూడాలి" అని అప్పుడు నాతో వాదించిన మిత్రులున్నారు. నగరంలో ఏ మూలకు పోయినా కల్యాణి బిర్యానీ దొరికే ఊరు ఇది! మెస్‌లో పప్పు, పెరుగు ఎవరి మనోభావమో వాళ్లు ఎప్పుడూ అడుక్కోలేదు. అందరిదీ అనే ఆ మెనూ ఏ ఇంట్లోంచి వచ్చిందన్న మాట అంటేనే గొడవ.

ఈ రెంటికీ నడుమ ఇంకో తేదీ ఉంది. 1953 జనవరి 12. ఆ రోజు ఉస్మానియా యూనివర్సిటీ అంబేడ్కర్‌కు గౌరవ డి.లిట్. ఇచ్చింది. ఈ సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను. పట్టా ఇవ్వడం యూనివర్సిటీకి తేలిక. ఆ పట్టా అందుకున్న మనిషి పేరు చెప్పుకుని వచ్చిన పిల్లల అన్నం కంచం దగ్గరే దానికి కష్టమొచ్చింది.

ప్రశ్న మారితే జవాబు ఎట్లా మారుతుందో ఢిల్లీలో ఒకసారి తేలింది. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష మీద 2006లో సుఖదేవ్ థోరాట్ అధ్యక్షుడిగా కమిటీ వేశారు. 2007లో నివేదిక వచ్చింది. వాళ్లు నేరుగా ఆ పిల్లల్నే పట్టుకుని, టీచర్ల నుంచి సాయం అందుతోందా, వైవాలో ఏం అడుగుతున్నారు, హాస్టల్‌లో గదులు ఎట్లా మారుతున్నారు అని అడిగారు. జవాబిచ్చిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 69 శాతం మంది టీచర్ల నుంచి తగినంత సాయం లేదన్నారు. ప్రాక్టికల్స్‌లో, వైవాలో కులం తెలుసుకునే ప్రశ్నలు వేస్తారని చెప్పారు. వేధింపులు పడలేక గదులు మార్చుకుని ఒకే చోటికి చేరామన్నారు. సంస్థ ఆ నివేదికను ఒప్పుకోలేదు. దేశంలోకెల్లా పేరున్న వైద్య కళాశాల, సీటు వస్తే చాలని లక్షలమంది కలలుగనే చోటు. మామూలు ఫారం ఇచ్చి సగటు తీస్తే అక్కడ తృప్తికి లోటుండేది కాదు. నాకు ఈ సగటు లెక్కతోనే పేచీ. వందమంది క్లాసులో మన పిల్లలు పదిహేను మంది ఉంటే, ఆ పదిహేను మంది నోరు మూసుకున్నా, నెత్తీ నోరూ కొట్టుకున్నా సగటు పెద్దగా కదలదు.

ఫారంలో చోటు లేని మాట రోడ్డెక్కుతుంది. 2024 ఏప్రిల్‌లో ఉస్మానియా హాస్టల్ అమ్మాయిలు నీళ్లు కావాలంటూ రోడ్డెక్కారు. ఎండాకాలం సెలవుల నోటీసులో నీళ్లు, కరెంటు కొరత అని రాసి ఉందా లేదా అన్నది పెద్ద పార్టీల తగాదా అయి కూర్చుంది. ఆ తగాదాలో నోటీసు గెలిచిందో ఓడిందో గానీ, అమ్మాయిల బకెట్ల సంగతి రెండు రోజుల్లో వార్తల్లోంచి పోయింది. 2025 మార్చిలో యూనివర్సిటీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. డిపార్ట్‌మెంట్లలో, కాలేజీల్లో, పరిపాలనా భవనం ఆవరణలో ధర్నాలు, నినాదాలు నిషేధం. 1938 సమ్మెనూ, 1969నీ తన చరిత్రగా చెప్పుకునే యూనివర్సిటీయే ఈ కాగితం మీద సంతకం పెట్టింది.

ల్యాబ్‌లో లేచిన ఆ అమ్మాయికి నేను ఇరవై ఒకటో ప్రశ్న చూపించాను, సూచనలు రాసే ఖాళీ. తెలుగులో రాయొచ్చా సార్ అంది. రాయమన్నాను. పేజీ నిండా రాసింది.

వచ్చే భాగంలో ఔరంగాబాద్ పోదాం. మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేడ్కర్ పేరు పెట్టాలని 1978 జూలైలో తీర్మానమైంది, పేరు మారింది 1994 జనవరి 14న. ఆ పదహారేళ్లలో ఎవరి ఇళ్లు కాలాయో చూద్దాం.

జై భీమ్.