రేడియో షాపులో మొదలైన సీఆర్ఓ

అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. ఒరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో జాక్ మర్డాక్ అనే కుర్రాడు రేడియో షాపు పెట్టాడు. అక్కడ రేడియోలు బాగుచేసిన మనిషి హోవర్డ్ వాలమ్. 1936లో రీడ్ కాలేజీ నుంచి ఫిజిక్స్ పట్టా పుచ్చుకున్న వాలమ్, చదువుకునే రోజుల్లోనే సొంతంగా ఒక ఆసిలోస్కోప్ (మన ల్యాబుల్లో సీఆర్ఓ అంటాం) తయారుచేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఒకరిని రాడార్ పనికి, మరొకరిని కోస్ట్‌గార్డ్‌కు పంపింది. తిరిగొచ్చాక 1946లో ఇద్దరూ మరికొందరితో కలిసి టెక్ట్రానిక్స్ కంపెనీ పెట్టారు.

కంటికి కనబడని విద్యుత్ తరంగాన్ని తెర మీద గీతగా చూపే ట్యూబును జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లోనే చేశాడు. అయితే చాలాకాలం ఆ గీతను ఒకచోట నిలపడం కష్టంగా ఉండేది. 1947లో వచ్చిన టెక్ట్రానిక్స్ 511 ఆ చిక్కు విప్పింది. తరంగం ఫలానా మట్టానికి చేరగానే గీత మొదలవుతుంది, ప్రతిసారీ అదే బిందువు నుంచి. దాంతో బొమ్మ కదలకుండా నిలిచింది, కాలాన్ని కొలవడమూ కుదిరింది. ధర 795 డాలర్లు.

ఆ పరికరాలను విప్పి చూసినవాళ్లకు ఒక సంగతి ఇట్టే అర్థమవుతుంది: వాటిని రూపొందించినవాళ్లు రిపేరు చేసే చేతిని దృష్టిలో పెట్టుకున్నారు. 1950ల నాటి మోడళ్లలో విడిభాగాలు పింగాణీ పట్టీల గాళ్లలో కూర్చుని ఉంటాయి. గాడి లోపల వెండి పూత. మామూలు సోల్డర్‌తో పదేపదే అతికితే ఆ వెండి సోల్డర్‌లో కరిగిపోయి పూత ఊడొస్తుంది. అందుకని కొంచెం వెండి కలిపిన సోల్డర్ వాడాలి. అది బజారులో వెతుక్కునే అవసరం లేకుండా కంపెనీ ఒక చిన్న చుట్టను పెట్టె లోపలే ఉంచి పంపేది! కొన్న మనిషి ఏ పదేళ్లకో మూత తీస్తాడని ముందే ఊహించి చేసిన ఏర్పాటది. ఇంతటి మర్యాద ఇవాళ్టి యంత్రాల్లో అరుదు.

మాన్యువల్ సంగతి మరీ గొప్పది. పూర్తి సర్క్యూట్ బొమ్మ, ఎక్కడ ఎంత వోల్టేజీ ఉండాలి, ఎక్కడ ఏ ఆకారంలో తరంగం కనబడాలి, అన్నీ అచ్చువేసి ఇచ్చేవారు. పరీక్షించిన వాక్యూమ్ ట్యూబు మంచిదే అని తేలితే మళ్లీ అదే సాకెట్‌లో పెట్టమని కూడా రాసేవారు. చోటు మారితే కాలిబ్రేషన్ తప్పుతుంది మరి.

కొత్తగా చేయిపెట్టేవాళ్లకు ఇప్పటికీ అదే దారి. గీత రాకపోతే ముందు బీమ్ ఫైండర్ మీట నొక్కాలి. తెర దాటిపోయిన గీతను అది లోపలికి లాగి, ఎటు జారిందో చూపిస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది పవర్ సప్లై. మిగతావన్నీ దాని తర్వాతే. 545 వంటి ట్యూబుల మోడళ్లలో మైనస్ 150 వోల్టుల సప్లై సరిగా లేకపోతే తక్కినవీ తప్పుతాయి, అన్నింటికీ ఆధారం అదే కాబట్టి. 1972లో వచ్చిన 465లో అసలు దొంగ తరచు టాంటలమ్ కెపాసిటర్. దశాబ్దాలు గడిచాక అది షార్టవుతుంది, తన వోల్టేజీ లైనంతటినీ కిందికి లాగేస్తుంది. కరెంటు తీసేసి, ఆ లైనుకూ గ్రౌండుకూ మధ్య మీటరు పెట్టి, ఒక్కో కొమ్మనూ విడదీస్తూ పోతే పట్టుబడుతుంది. తొందర మాత్రం పనికిరాదు. పిక్చర్ ట్యూబుకు వెళ్లేవి వేల వోల్టులు. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి మిగిలి ఉంటుంది. తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఆ భాగం జోలికి పోకూడదు.

అనలాగ్ డిజైన్‌లో పేరు మోసిన ఇంజనీర్ జిమ్ విలియమ్స్ పాత టెక్ట్రానిక్స్ పెట్టెలు బాగుచేయడాన్ని విద్యాభ్యాసంగానే చూశాడు. రిపేరు ఎందుకు ముఖ్యమో చెబుతూ వ్యాసమే రాశాడు. 2011లో ఆయన పోయాక, పనిచేసిన బల్లను చిందరవందర సామాను సహా కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

అయితే 1980ల నాటికే రిపేరు పరిస్థితి మారింది. 2465 మోడల్‌లో కంపెనీ సొంతంగా చేసుకున్న చిప్‌లు వచ్చాయి. గీతను అడ్డంగా నడిపే యూ800 చిప్ కాలిపోతే బజారులో దొరకడం కష్టం. తరచు మరో చచ్చిన 2465 నుంచి పీకి తెచ్చుకోవాల్సి వస్తుంది. మాన్యువల్ ఎంత వివరంగా ఉన్నా, వేయడానికి భాగం దొరకాలి కదా.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబు బీరువాల్లో పాత సీఆర్ఓలు ఇంకా ఉన్నాయి. ఏ కంపెనీవైనా సరే, పాత సామానుకు తూకం వేసే ముందు ఒక్కదాన్నైనా మాన్యువల్‌తో సహా విద్యార్థులకు అప్పగించండి. పనిచేయనిదాన్ని కూడా పారేయవద్దు, దానిలోని భాగాలతో మరొకటి బతుకుతుంది.