నియంత్రణ

ట్రాయ్‌ని మన పత్రికలు ‘టెలికాం నియంత్రణ సంస్థ’ అని రాస్తాయి. నియంత్రణ అనగానే అడ్డుపెట్టిన చెయ్యి గుర్తొస్తుంది. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, రద్దీ నియంత్రణ: ఎక్కడ వాడినా పెరిగేదాన్ని ఆపడమనే అర్థమే ముందుకొస్తుంది. దాని తోబుట్టువు ‘నియంత’ మరీ భయపెడుతుంది. హిట్లర్‌కీ ముస్సోలినీకీ మనం కట్టబెట్టిన మాట అది.

సంస్కృతంలో నియంత అంటే సారథి కూడా. ధాతువు ‘యమ్’, పట్టి ఉంచడం. నియమం, సంయమనం, ప్రాణాయామం అందులోంచి పుట్టినవే. యంత్రమూ అంతే, మొదట అది పట్టి ఉంచే సాధనం, మర అన్న అర్థం తర్వాతిది. నియంత్రణ ఆ యంత్రం నుంచి వచ్చింది. రఘువంశం మొదటి సర్గలో కాళిదాసు దిలీపుణ్ణి నియంత అన్నచోట ఏలేవాడు, రథం తోలేవాడు అనే రెండర్థాలూ ఒక్కసారే పలుకుతాయి. తెలుగులోనూ ఈ ఊహ చావలేదు. ప్రగ్రహం మన నోట పగ్గమైంది; ఎవరైనా పదవిలోకి వస్తే ఇవాళ్టికీ ‘పగ్గాలు చేపట్టారు’ అంటాం.

సారథి పగ్గం పట్టేది బండి సాగడానికి. బలమైన గుర్రం ఒకవైపు ఈడ్చుకుపోకుండా, బలహీనమైనది కాళ్లకింద పడకుండా చూడడం అతని పని. టెలికాం నియంత్రణను ఈ పాత అర్థంతో తూచాలని నా వాదన. అలా తూచినప్పుడు మొదట చూడాల్సింది చిన్న ఇంటర్నెట్ సంస్థలనే.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను జనానికి తెచ్చింది. 1998లో ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచారు. దేశమంతటికీ ‘ఎ’, టెలికాం సర్కిల్‌కి ‘బి’, సుమారు జిల్లా అంత పరిధికి ‘సి’ అని తరగతులు పెట్టారు కాబట్టే చిన్నవాడికి చోటు దొరికింది. అప్పట్లో లైసెన్సు రుసుము నామమాత్రం. తర్వాత యూనిఫైడ్ లైసెన్సు వచ్చి, సవరించిన స్థూల ఆదాయంలో 8 శాతం అంది. ఆ ఆదాయంలోకి ఏమేమి వస్తాయన్న తగవు ఏళ్లపాటు నలిగి, 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్లింది. పెద్ద కంపెనీ ఇలాంటి తగవును న్యాయవాదులతో మోస్తుంది. రెండు మండలాల్లో ఫైబర్ లాగిన కేబుల్ ఆపరేటర్‌కి లెక్కలు రాసే మనిషి ఉండడమే గొప్ప.

పగ్గం పట్టే చేతులూ మారాయి. 1997లో ఏర్పడిన ట్రాయ్‌ని 2000 జనవరిలో ఆర్డినెన్సుతో పునర్వ్యవస్థీకరించి, తగవులు తీర్చే అధికారాన్ని టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కి ఇచ్చారు. లైసెన్సుల విషయంలో ట్రాయ్‌కి సిఫారసులు చెయ్యడమే మిగిలింది. లైసెన్సు షరతుల మీద చివరిమాట ప్రభుత్వానిదే. టెలికమ్యూనికేషన్ల చట్టం 2023 ఇంకో అడుగు వేసింది. 30 ఏళ్ల వృత్తి అనుభవం ఉన్నవారు, ప్రభుత్వ సర్వీసు నుంచి రాకపోయినా, ట్రాయ్ అధ్యక్షులు కావచ్చని దారి ఇచ్చింది. పరిశ్రమ తెలిసినవాళ్లు రావడం మంచిదే. కానీ 30 ఏళ్ల అనుభవం ఎక్కువగా పెద్ద కంపెనీల్లోనే పోగుపడుతుంది. స్తంభమెక్కి తెగిన ఫైబర్ అతికించే పని తెలిసినవాళ్లకి ఆ కుర్చీ దాకా దారేదీ?

ఆ చట్టమే ‘లైసెన్సు’ స్థానంలో ‘ఆథరైజేషన్’ తెచ్చింది. ఇక ఒప్పందపత్రం అక్కర్లేదు, ప్రభుత్వ నియమాలే చాలన్నది 2024 సెప్టెంబరులో ట్రాయ్ చేసిన సిఫారసు. ఒప్పందంలోనూ షరతులు మార్చే హక్కును ప్రభుత్వం అట్టేపెట్టుకునేది, నిజమే. అయినా సంతకం చేసిన కాగితం చూపి బ్యాంకులో అప్పు అడగవచ్చు, ట్రిబ్యునల్‌లో నిలబడవచ్చు. నియమం ప్రకటనతో మారిపోయేది. మారే ముందు అభిప్రాయాలు అడుగుతారు. అడిగే సంప్రదింపు పత్రం ఇంగ్లీషులో, పదుల పేజీల్లో ఉంటుంది.

ఇది మన ఊళ్ల సంగతి కూడా. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగినా, దాన్ని గడపలోకి తెచ్చింది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. ఇంట్లోని ఫైబర్‌నెట్ పెట్టె పనిచెయ్యకపోతే జనం ఫోను చేసేది వాళ్లకే. వాళ్లు మూతపడితే ఆ ఊరికి పెద్ద కంపెనీ వస్తుందన్న పూచీ లేదు. వచ్చినా, పోటీ పోయిన చోట ధర దాని ఇష్టం.

అందుకే సారథ్యానికి కొలతలు కావాలి. కొత్త నియమం చిన్న సంస్థ మీద ఎంత ఖర్చు మోపుతుందో ముందే లెక్కగట్టి ప్రకటించాలి. రుసుములూ నివేదికలూ చందాదారుల సంఖ్యను బట్టి ఉండాలి. సంప్రదింపు పత్రం తెలుగులోనూ రావాలి. విచారణ ఢిల్లీలోనే కాక విజయవాడలో, వరంగల్‌లో జరగాలి. కుర్చీలో ఎవరున్నా ఈ నాలుగూ నిలిస్తే అది నియంత్రణ. నిలవకపోతే బలమైనవాడు లాగిన దిక్కుకే బండి పోతుంది.